పెద్ద విమానం వదిలిన గాలి సుడిలో మీ చిన్న విమానం పడకుండా ఏం చేయాలి?

కడపలోనో, కర్నూలు దగ్గర ఓర్వకల్లులోనో ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లల్ని వేక్ టర్బులెన్స్ (ముందు పోయిన విమానం వెనక వదిలే గాలి సుడి) అంటే ఏంటని అడగండి, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షకు చదివింది గడగడా అప్పజెప్పేస్తారు. అదే సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) ఉన్నప్పుడు "ఇప్పుడు దిగిన ఏటీఆర్ చక్రాలు రన్‌వే మీద ఎక్కడ తాకాయి?" అని, ప్రొపెల్లర్లతో ఎగిరే ఆ ప్రయాణికుల విమానం గురించి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. వాళ్ళను తప్పుపట్టడానికి ఈ మాట అనట్లేదు. పెద్ద నగరాల్లో నిమిషాల తేడాలో ఒక దాని వెనక ఒకటి పెద్ద విమానాలు దిగుతుంటాయి కాబట్టి అక్కడ ఎగిరేవాళ్ళకు వెనక సుడి ఉంటుందన్న భయం ఒంటికి పట్టేసి ఉంటుంది. మన వైపు రోజు మొత్తం మీద ఏటీఆర్ వచ్చిపోయేది కొన్నిసార్లే, మిగతా టైమంతా రన్‌వే మనదే అన్నట్టు తిరుగుతాం, అందుకే ఆ అలవాటు పడదు. ఆ కొన్నిసార్లలో ఏదో ఒకసారి మీరు దాని వెనకే ఉంటారు.

నాకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్‌ది ఆళ్ళగడ్డ వైపు. ప్రతి ల్యాండింగ్‌కు ముందు ఒకటే అడిగేవారు, "ముందు పోయినోడు యాడ దిగినాడప్పా?" ముందున్నది మాలాగే నేర్చుకునే ఇంకో చిన్న సెస్నా విమానం అయినా సరే, అడగడం మానేవారు కాదు. అప్పట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు నా పక్కన కూర్చునే ప్రతి పిల్లవాడినీ, ప్రతి అమ్మాయినీ నేను అడిగేదీ అదే.

ముందు ఆ సుడి ఎలా పుడుతుందో చూద్దాం

శ్రీశైలం పాతాళగంగ దగ్గర పుట్టి ఎక్కినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. లాంచీ పక్కనుంచి పోయేటప్పుడు పుట్టికి ఏమీ కాదు, అది పోయిన కాసేపటికి అల వచ్చి తగులుతుంది, అప్పుడు ఊగుతుంది. గాలిలోనూ అంతే, కాకపోతే ఆ అల కంటికి కనిపించదు.

విమానం ఎగరాలంటే రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువగానూ, పైన తక్కువగానూ ఉండాలి. రెక్క చివర దగ్గర కింది గాలి పైకి చుట్టుకుపోతుంది. అలా రెండు రెక్కల చివర్లనుంచీ రెండు సుళ్ళు, తాడు పేనినట్టు, ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతూ వెనక మిగిలిపోతాయి. ఏప్రిల్లో మన చేలల్లో దుమ్ము లేపుకుంటూ తిరిగే సుడిగాలిని నేలకు అడ్డంగా పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. విమానం ముక్కు లేపిన క్షణం నుంచి, అంటే రెక్క బరువు మోయడం మొదలుపెట్టినప్పటి నుంచి, దిగి చక్రాలు నేలకు తాకి బరువు చక్రాల మీదికి వచ్చేదాకా ఈ సుళ్ళు పుడుతూనే ఉంటాయి. నేల మీద పరుగెత్తేటప్పుడు ఉండవు. ఈ ఒక్క వాక్యం గట్టిగా గుర్తుపెట్టుకోండి, కింద చెప్పే పద్ధతులన్నీ దీన్నుంచే పుట్టాయి.

బరువెక్కువ ఉండి, నెమ్మదిగా పోతూ, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) వేయకుండా ఉన్న విమానం వదిలే సుడి అన్నిటికన్నా బలంగా ఉంటుంది. బరువు సంగతికొస్తే, మనం నడిపే సెస్నా 172 గరిష్ఠంగా 1,100 కిలోల పైచిలుకు. ఏటీఆర్ 72-600 గరిష్ఠ టేకాఫ్ బరువు 23,000 కిలోలు. అంటే ఇరవై రెట్లు. పక్కనుంచి చూసేవాళ్ళకు ఏటీఆర్ చిన్న విమానంలాగే కనిపిస్తుంది, ప్రొపెల్లర్లే కదా అనుకుంటారు. మన విమానానికి మాత్రం అది లాంచీయే. అంతర్జాతీయ లెక్కలో 7,000 కిలోల లోపు లైట్, ఆపైన 1,36,000 కిలోలకు లోపు మీడియం, 1,36,000 నుంచి హెవీ, ఏ380 లాంటివి సూపర్. మన పేరు ముందు ఎప్పుడూ లైట్ అనే ఉంటుంది.

ఈ సుళ్ళు పుట్టిన ఎత్తులోనే ఆగిపోవు. నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున కిందికి దిగుతాయి. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతాయి. నేలకు వంద, రెండు వందల అడుగుల దగ్గరికి వచ్చాక ఇక దిగలేక, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, రెండు మూడు నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో పక్కలకు జరుగుతాయి. ఒక్కోసారి నేలకు కొట్టుకుని కాస్త పైకీ లేస్తాయి.

కాబట్టి సూత్రం ఒకటే. దాని దారి కంటే పైన ఉండండి, గాలి వచ్చే వైపు ఉండండి, రెండూ కుదరకపోతే ఆగండి.

అది దిగింది, వెనక మీరు దిగాలి

మన వైపు ఎక్కువగా ఎదురయ్యే సందర్భం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మీరు డౌన్‌విండ్‌లో (రన్‌వేకు పక్కన సమాంతరంగా, దిగే దిశకు ఎదురుగా పోయే దారిలో) ఉండగా ఏటీఆర్ ఫైనల్‌లో (రన్‌వేకు తిన్నగా దిగే చివరి దారిలో) కనిపించిందనుకోండి. "ట్రాఫిక్ ఇన్ సైట్" అని చెప్పేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాట చెప్పి, దాని వెనక రమ్మంటే ఒప్పుకున్నారంటే, దూరం చూసుకునే బాధ్యత ఇక మీదే. టవర్ "కాషన్ వేక్ టర్బులెన్స్" అంటుంది, అంతే. ఆ మాట విని "వాళ్ళు చూసుకుంటున్నారు" అనుకోకండి, "ఇకమీదట నువ్వే చూసుకో" అని దాని అర్థం. నిజంగా కనిపిస్తేనే, దూరం ఉంచగలననుకుంటేనే చెప్పండి.

తర్వాత దాన్ని కళ్ళతో వెంబడించండి. ఎంత ఎత్తులో వస్తోంది, మామూలు మూడు డిగ్రీల వాలులో ఉందా, ఇంకా కిందుగా ఈడ్చుకుంటూ వస్తోందా చూడండి. చక్రాలు తాకగానే టైర్ల దగ్గర చిన్న పొగ లేస్తుంది, అది రన్‌వే మీద ఏ గుర్తు దగ్గర లేచిందో చూసి పైకే చెప్పుకోండి. "ఎయిమింగ్ పాయింట్ దాటి వంద మీటర్లు" అని నోటితో అనండి (రన్‌వే మీద గురి కోసం వేసిన తెల్ల పట్టీలే ఎయిమింగ్ పాయింట్). మనసులో అనుకున్నది బేస్ (ఫైనల్‌కు ముందు వచ్చే అడ్డదారి) తిరిగేలోపు మర్చిపోతాం. అప్పుడే గడియారం కూడా చూసుకోండి.

ఇక మీ ఫైనల్ మొదటినుంచి చివరిదాకా దాని దారి కంటే ఎత్తులో ఉండాలి, అది తాకిన చోటు దాటాకే మీ చక్రాలు తాకాలి. తాకిన చోటు తర్వాత సుడి లేదు కదా, అదీ లెక్క.

ఇక్కడే మన పిల్లలకు టెన్షన్. "రన్‌వే సగం వదిలేసి దిగితే ఆగుతామా?" అని. లెక్క వేసుకోండి. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. ఏటీఆర్ 400 మీటర్ల దగ్గర తాకిందనుకుందాం, మీరు 600 దగ్గర తాకితే ఇంకా 1,400 మీటర్లు మిగిలి ఉంది. సెస్నా 172 తాకాక ఆగడానికి, ఎండ, ఎత్తు అన్నీ కలుపుకున్నా, 300 మీటర్లు చాలా ఎక్కువ. భయపడాల్సిన పనే లేదు. కానీ మీరు నేర్చుకున్నదంతా రన్‌వే మొదట్లో, అక్కడ రాసి ఉండే నంబర్ల దగ్గర చక్రాలు పెట్టమనే కదా, చెయ్యి అలవాటుగా అక్కడికే తీసుకెళ్తుంది. దాన్ని కావాలని ఆపాలి.

నాకు జరిగింది ఇదే. డిసెంబరులో ఒక పొద్దున, సోలో క్రాస్ కంట్రీలో (ఒంటరిగా వేరే ఊరికి ఎగిరే శిక్షణలో) ఒక ఎయిర్‌పోర్టుకు వచ్చాను. ముందు ఏటీఆర్ దిగింది, నేను నంబర్ టూ. జాగ్రత్త అని చెప్పారు, నేనూ సరే అన్నాను. గాలి నాలుగు నాట్లు, మంచు తెర పోయి ఆకాశం అద్దంలా ఉంది, ఇంతకంటే మంచి రోజు దొరకదు అనిపించింది. రోజూలాగే నంబర్ల మీద గురి పెట్టాను. దాదాపు 150 అడుగుల ఎత్తులో ఎడమ రెక్క పడిపోయింది. కుదుపు కాదది, ఎవరో రెక్క చివర పట్టుకుని కిందికి లాగినట్టు. కుడికి పూర్తిగా ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క చివరి పలక) తిప్పినా ఒకటి రెండు సెకన్లు విమానం వినలేదు. పవర్ మొత్తం ఇచ్చి, ముక్కు కొంచెం దించి, సుడి వదిలాక రెక్కలు సరిచేసుకుని గో అరౌండ్ చేశాను, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెక్కాను. తర్వాత కూర్చుని చూసుకుంటే అంతా స్పష్టంగా ఉంది. ఏటీఆర్ దాని ఎయిమింగ్ పాయింట్ దగ్గర తాకింది, నేను దానికంటే వెనక ఉన్న చోటుకు గురిపెట్టాను, అంటే ఫైనల్ పొడవునా దాని దారి కిందే వచ్చాను. మా ఇద్దరి మధ్య తేడా రెండు నిమిషాలు కూడా లేదు. నిబంధనల లెక్కలో మీడియం వెనక దిగే లైట్ విమానానికి టైమ్ పెట్టాలంటే 3 నిమిషాలు, రాడార్ మీద దూరం పెట్టాలంటే 5 నాటికల్ మైళ్ళు.

ఆ 3 నిమిషాలు సంపాదించడం ఎలా? డౌన్‌విండ్‌లోనే ఒక ఆర్బిట్ అడగండి. ఒక పూర్తి చుట్టు స్టాండర్డ్ రేట్‌లో తిరిగితే సరిగ్గా రెండు నిమిషాలు. డౌన్‌విండ్ పొడిగించడం కంటే నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే పొడిగిస్తే ఫైనల్ పొడుగవుతుంది, పొడుగాటి ఫైనల్‌లో కొత్తవాళ్ళు తెలియకుండానే కిందికి జారి, ఏ దారి కింద ఉండకూడదో దాని కిందే చాలాసేపు ఈడ్చుకుంటూ వస్తారు. పొడిగించక తప్పకపోతే, ఎత్తు వదలకుండా పట్టుకుని ఉండి, కాస్త నిటారు వాలులో దిగండి.

గాలి తక్కువగా ఉన్న రోజే ఎక్కువ జాగ్రత్త

ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. పదిహేను నాట్ల గాలి ఉందంటే పిల్లలు బిగుసుకుపోతారు, నాలుగు నాట్లంటే ఊపిరి పీల్చుకుంటారు. వేక్ విషయంలో నాలుగు నాట్లే చెడ్డది.

కారణం చెప్తాను. నేల దగ్గర సుళ్ళు రెండు మూడు నాట్లతో పక్కలకు జరుగుతాయి అన్నాను కదా. రన్‌వేకు అడ్డంగా సుమారు 3 నాట్ల గాలి ఉంటే, గాలి వచ్చే వైపు సుడి ఎదురుగాలికి జరగలేక అక్కడే, మీరు దిగాల్సిన చోటే, నిలబడిపోతుంది. రెండోది మాత్రం త్వరగా కొట్టుకుపోతుంది. దానికితోడు గాలి కొంచెం వెనకనుంచి ఏటవాలుగా వస్తుంటే ఇంకా ఘోరం, ఏటీఆర్ తాకిన చోటుకు వెనక ఉన్న సుళ్ళను ముందుకు తోసి, మీరు క్షేమం అనుకుని ఎంచుకున్న చోటుకు తెచ్చిపెడుతుంది.

అడ్డగాలి ఎంతో లెక్కేయడానికి కాగితం అక్కర్లేదు. రన్‌వే దిశకూ గాలి దిశకూ తేడా 30 డిగ్రీలైతే గాలిలో సగం అడ్డగాలి. కడప రన్‌వే 11/29. మీరు 29 మీద దిగుతున్నారు, గాలి 260 నుంచి 6 నాట్లు అన్నారు. అడ్డగాలి 3 నాట్లు, ఎడమవైపు నుంచి. వెంటనే మీకు గుర్తు రావాల్సింది ఏంటంటే, ఏటీఆర్ ఎడమ రెక్క సుడి రన్‌వే మీదే కూర్చుని ఉంది.

ఇంకో సంగతి, మన రాయలసీమ ఎండ. మార్చి దాటాక మధ్యాహ్నం పూట నేల కాగి గాలి పైకి పొంగుతూ ఉంటుంది, విమానం తొక్కుడుబండిలా ఊగుతుంది, తిట్టుకుంటాం. ఆ గందరగోళమే సుళ్ళను త్వరగా చీల్చేస్తుంది. అదే చలికాలం పొద్దున ఆరున్నర, ఏడు గంటలకు గాలి కదలకుండా ఉంటుంది, పొగ తిన్నగా పైకి లేస్తుంటుంది. అలాంటప్పుడు సుడి చాలాసేపు చెదరకుండా బతికి ఉంటుంది. ఫస్ట్ సోలోలు మనం పంపేది కూడా అలాంటి పొద్దున్నే కాబట్టి, ఇన్‌స్ట్రక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ రోజు ఏటీఆర్ టైమ్ ఎంతో చూసుకుని పిల్లల్ని పంపండి. అలాగని మధ్యాహ్నం గాలిని నమ్ముకుని 3 నిమిషాలను కుదించకండి.

అది ఎగిరింది, వెనక మీరు ఎగరాలి

పుస్తకంలో ఉండే జవాబు, అది ముక్కు లేపిన చోటుకంటే ముందే మీరు లేవండి, దాని దారి కంటే పైన ఎక్కండి, లేదా గాలి వచ్చే వైపు తిరగండి. సరైన జవాబే. కానీ మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకులతో సెస్నాలో ఈ జవాబు సగమే పనిచేస్తుంది.

లెక్క చూడండి. మీరు 400 మీటర్ల దగ్గర లేచారు. ఏటీఆర్ వెయ్యి మీటర్ల దగ్గర ముక్కు లేపింది అనుకుందాం. మొదట మీరు దాని దారికి పైనే ఉన్నారు, బాగుంది. కానీ అది మీ కంటే నిటారుగా ఎక్కుతుంది. ఆ ఎండలో మీరు నిమిషానికి నాలుగు వందల అడుగులు ఎక్కితే గొప్ప. రన్‌వే చివరికి వచ్చేలోపే, రెండు మూడు వందల అడుగుల ఎత్తులోనే, దాని దారి మీ దారిని దాటి పైకి పోతుంది. అక్కడినుంచి మీరు దాని కింద ఉన్నారు, దాని సుళ్ళు మీ మీదికి దిగుతున్నాయి. రన్‌వే దగ్గర లేని ప్రమాదం సర్క్యూట్ మొదటి మలుపు దగ్గర ఎదురవుతుంది.

అందుకే నేను చెప్పేది, ముందు లేవడాన్ని నమ్ముకోకండి, టైమ్‌ను నమ్ముకోండి. మీడియం వెనక లైట్ విమానం టేకాఫ్‌కు 2 నిమిషాలు. అది రన్‌వే మొదటినుంచి పోయి, మీరు మధ్యలో ఉన్న ట్యాక్సీవే నుంచి బయలుదేరుతుంటే 3 నిమిషాలు, ఎందుకంటే అప్పుడు మీరు లేచే చోటు దాని ముక్కు లేచిన చోటుకు దగ్గరైపోతుంది. వీలైతే మధ్యనుంచి వద్దని చెప్పి రన్‌వే మొదటికే వెళ్ళండి, ట్యాక్సీకి అయ్యే ఇంధనం గురించి ఆలోచించకండి. లేచాక కాస్త ఎత్తు రాగానే గాలి వచ్చే వైపు కొద్దిగా తిరగడానికి ముందే అనుమతి అడిగి పెట్టుకోండి.

దీనికి తిరగేసినవి రెండున్నాయి. ఏటీఆర్ దిగాక మీరు ఎగరాలంటే, అది తాకిన చోటు దాటాక మీ ముక్కు లేవాలి. ఏటీఆర్ ఎగిరాక మీరు దిగాలంటే, అది ముక్కు లేపిన చోటుకు బాగా ముందే తాకి, వేగం తగ్గించేయండి. ఈ రెండో దాంట్లో టచ్ అండ్ గో (దిగీ దిగగానే ఆగకుండా మళ్ళీ ఎగరడం) మాత్రం చేయకండి, దిగడం క్షేమంగా దిగి, మళ్ళీ లేచి నేరుగా దాని సుడిలోకే పోయినట్టవుతుంది. ఫుల్ స్టాప్ చేయండి.

పెద్ద విమానమే టచ్ అండ్ గో చేసినా, దిగకుండా కిందుగా వచ్చి గో అరౌండ్ చేసినా, రన్‌వే పొడవునా సుడి ఉన్నట్టే లెక్క. క్షేమమైన చోటంటూ ఏదీ ఉండదు. 1972 మే 30న అమెరికాలో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ దగ్గర సరిగ్గా ఇలాగే జరిగింది. శిక్షణ కోసం తిరుగుతున్న ఒక డీసీ-9, టచ్ అండ్ గో చేసిన డీసీ-10 వెనక దిగబోయి, సుడిలో పడి పక్కకు ఒరిగి, రెక్క రన్‌వేకు తగిలి కూలిపోయింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. డీసీ-9 అంటే మన సెస్నా లాంటిది కాదు, వందమంది దాకా ఎక్కే జెట్. నడుపుతున్నవాళ్ళు కొత్తవాళ్ళూ కాదు. పెద్ద జెట్‌ల వెనక దూరాల నిబంధనలు గట్టిపడింది ఈ ప్రమాదం తర్వాతే.

టవర్‌తో మొహమాటం వద్దు

మన వెనక ప్యాసింజర్ విమానం వెయిట్ చేస్తుంటే, దానిలో డెబ్భై మంది ఉన్నారు, నేనొక్కణ్ణి అడ్డంగా ఉన్నాను అనే ఇబ్బంది మన పిల్లలకు చాలా ఉంటుంది. "వెంటనే టేకాఫ్ చేయగలరా?" అని టవర్ అడిగితే ఆలోచించేలోపే "ఎఫర్మ్" (అవును) అనేస్తారు. అది ప్రశ్న. లేదు అని జవాబు చెప్పొచ్చు. "నెగెటివ్, రిక్వెస్ట్ టూ మినిట్స్ ఫర్ వేక్ టర్బులెన్స్" అనే ఈ ఒక్క వాక్యం ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు అనండి. ఇంగ్లిష్ తడబడుతుందని కాదు, అవసరమైనప్పుడు నోటికి దానంతటదే రావాలని. ఇన్నేళ్ళలో ఈ మాట అడిగినందుకు నన్ను ఏ కంట్రోలరూ విసుక్కోలేదు. ఆ రెండు నిమిషాలు హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కేముందు ఆగే చోటు) దగ్గర ఊరికే కూర్చోకండి, ఇంజిన్ వేడి చూసుకోండి, గాలి ఎటు తిరిగిందో విండ్‌సాక్ చూడండి.

దారిలో, పైన

కడప నుంచి కర్నూలుకు ఐదారు వేల అడుగుల్లో పోతుంటే, ముప్పై వేల పైన పోయే జెట్‌ల సుడి మీదాకా రాదు, దాని గురించి కంగారు అక్కర్లేదు. దక్షిణానికి, హిందూపురం వైపు పోయేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. దేవనహళ్ళిలో ఉన్న బెంగళూరు ఎయిర్‌పోర్టుకు దిగేవీ ఎక్కేవీ తక్కువ ఎత్తుల్లో తగులుతాయి, 2022 అక్టోబరు నుంచి అక్కడికి ఏ380 కూడా వస్తోంది. పుట్టపర్తికి కూడా ఉత్సవాల రోజుల్లో ప్రత్యేక విమానాలు వస్తుంటాయి, అవి మీ రోజువారీ టైమ్‌టేబుల్‌లో ఉండవు కాబట్టి బయలుదేరే ముందే కనుక్కోండి. ఎదురుగా గానీ అడ్డంగా గానీ పెద్ద విమానం దాటిపోతే, దాని దారి కింద వెయ్యి అడుగుల లోపు దూరకండి. పైనుంచి దాటండి, లేదా గాలి వచ్చే వైపుకు జరగండి.

వెయ్యి అడుగులు కూడా ఒక్కోసారి చాలదు. 2017 జనవరి 7న అరేబియా సముద్రం మీద ఒక చాలెంజర్ 604 బిజినెస్ జెట్, తనకు వెయ్యి అడుగుల పైన ఎదురుగా వెళ్ళిన ఏ380 సుడిలో పడి, బోర్లా తిరిగి, సుమారు 9 వేల అడుగులు కిందికి వచ్చాక గానీ అదుపులోకి రాలేదు. మస్కట్‌లో దించగలిగారు, లోపలివాళ్ళకు గాయాలయ్యాయి, ఆ విమానం మళ్ళీ వాడకానికి పనికిరాలేదు. వాళ్ళకు కోలుకోవడానికి ముప్పై నాలుగు వేల అడుగులు ఉంది. ఫైనల్‌లో మనకుండేది రెండు వందలు.

ఇంత జాగ్రత్త పడ్డా సుడి తగిలితే

రెండు రకాలుగా తగులుతుంది. రెండు సుళ్ళ మధ్యలోకి వెళ్తే విమానం ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఒక సుడి నడిమికి వెళ్తే పక్కకు దొర్లుతుంది. ఏటీఆర్ రెక్కల పొడవు 27 మీటర్లు, మనది 11. అందుకే మన రెండు రెక్కలూ ఒకే సుడిలో ఇమిడిపోతాయి, ఎయిలరాన్ ఎంత తిప్పినా సుడి బలమే గెలుస్తుంది.

చేయాల్సింది ఇది. పవర్ పూర్తిగా. యోక్ (చేతిలోని స్టీరింగ్) కొంచెం ముందుకు, రెక్క మీద భారం తగ్గాలి, లాగితే దొర్లుతూ దొర్లుతూ స్టాల్ అవుతారు, అంటే రెక్క ఇక విమానాన్ని మోయలేదు. దొర్లుతున్న దానికి ఎదురుగా ఎయిలరాన్, దానికి తగినంత రడ్డర్ (తోక మీద ఉండే, కాళ్ళతో తిప్పే చుక్కాని). సుడి సన్నగా ఉంటుంది, విమానం దాన్ని త్వరగానే దాటేస్తుంది లేదా అదే బయటికి విసిరేస్తుంది, అప్పుడు రెక్కలు సరిచేసి ఎక్కండి. సగానికి పైగా ఒరిగిపోయి, వెనక్కి తిప్పడం కంటే దొర్లిన వైపే పూర్తిచేయడం దగ్గర అనిపించినా, సర్క్యూట్ ఎత్తులో అది చేయకండి, అంత ఎత్తు మనకు ఉండదు.

రడ్డర్‌ను మాత్రం అటూ ఇటూ గట్టిగా తన్నకండి. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో ఎగిరిన ఏ300, ముందు పోయిన 747 సుడి తగలగానే రడ్డర్‌ను కొన్ని సెకన్లలో అటూ ఇటూ పదేపదే చివరిదాకా తొక్కడంతో, తోక నిటారు రెక్క విరిగిపోయి కూలింది. 260 మంది విమానంలో, 5గురు నేల మీద చనిపోయారు. సుడి దాన్ని కూల్చలేదు, దానికి ఇచ్చిన జవాబు కూల్చింది.

ఫైనల్‌లో చిన్న కుదుపు తగిలినా "ఒకటే కదా, పోయింది" అని కొనసాగకండి. రెండు సుళ్ళు ఉంటాయి, ఇంకోటి ఎక్కడో ఉంది. గో అరౌండ్ చేసి, దాని దారికి పైన, గాలి వచ్చే వైపు ఎక్కండి. తర్వాత టవర్‌కు చెప్పండి, మీ వెనక ఇంకో సోలో ఉండొచ్చు.

నేల మీద కూడా

మన ఎయిర్‌పోర్టుల్లో ఆప్రాన్ (విమానాలు నిలిపే స్థలం) చిన్నది. ఏటీఆర్ స్టాండ్‌లో ఉండి దాని మీద ఎర్ర లైటు తిరుగుతుంటే ఇంజిన్ నడుస్తోంది లేదా ఇప్పుడే వేస్తారు అని అర్థం, దాని వెనకనుంచి ట్యాక్సీ చేయకండి. కట్టేసి ఉంచని సెస్నాను ఆ ప్రొపెల్లర్ గాలి తిప్పేయగలదు. తలుపు తెరిచి ఎక్కుతున్నప్పుడు ఇది ఇంకా ప్రమాదం, తలుపు ఊడి చేతికొస్తుంది.

హెలికాప్టర్లు మన వైపు తరచుగానే వస్తాయి, పెద్దవాళ్ళ పర్యటనలు ఉంటే మరీ. గాలిలో నిలబడి ఉన్న హెలికాప్టర్‌కు కనీసం మూడు రోటర్ వ్యాసాల దూరం ఉంచాలి. ఎంఐ-17 రోటర్ వ్యాసం 21 మీటర్ల పైన, కాబట్టి 65 మీటర్లు అనుకోండి, నేను వంద ఉంచుతాను. అది ముందుకు కదిలి ఎగిరిందంటే, విమానంలాగే వెనక రెండు సుళ్ళు వదులుతుంది, అప్పుడు పైన చెప్పిన లెక్కలే.

అనంతపురం వైపు రామగిరి గుట్టల మీద గాలిమరలు చూసే ఉంటారు. వాటి వెనక కూడా గాలి చెదిరి ఉంటుంది. ఫొటో కోసమని గాలి పోయే వైపునుంచి వాటి ఎత్తులో దగ్గరగా పోకండి, కిలోమీటరుకు పైగా దూరం పెట్టుకోండి లేదా బాగా పైనుంచి పొండి.

చివరగా రేపటినుంచే మొదలుపెట్టాల్సిన పని. ఏటీఆర్ వచ్చేదాకా ఆగకండి. సర్క్యూట్‌లో మీ ముందు ఇంకో సెస్నా ఉన్నా సరే, అది తాకిన చోటు, అప్పటి టైమ్, అడ్డగాలి ఎటునుంచి ఎంత, ఈ మూడూ బేస్ తిరిగేలోపు పైకి చెప్పండి. మోకాలి మీద ప్యాడ్‌లో ఒక గీత గీసి రన్‌వే అనుకుని, తాకిన చోట చుక్క పెట్టండి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆయన్నే అడగమనండి, ముందు పోయినోడు యాడ దిగినాడని.